మనవలు లా చదువుతామంటే...

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం కరువు భత్యం బకాయిల గురించో, గుండె ఆరోగ్యం గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు, "మీరు కోర్టులో పనిచేసి వచ్చినవారు, మన పిల్లలు లాయరు వృత్తిలోకి వెళ్ళాలంటే ఏం చేయాలో నాలుగు మాటలు చెప్పండి" అని అడిగారు. కాపీయిస్టుగా చేరి, బెంచి క్లర్కుగా, చివరకు శిరస్తాదారుగా జిల్లా కోర్టులలో 34 ఏళ్ళు పనిచేశాను. వాదించినవాడిని కాను. వాదించేవారిని వారి మొదటి వకాల్తా నుంచి చూసినవాడిని. ఆ చూసినదే మీకు మనవి చేస్తాను.

ఈ రోజు మనకెందుకు ముఖ్యం?

డిసెంబరు 17వ తేదీని మనం పండుగ చేసుకోవడానికి కారణం ఒక కోర్టు తీర్పు. 1972లో ఉద్యోగ విరమణ చేసిన డి.ఎస్. నకారా గారు, ఆయనతోపాటు సైన్యంలో పనిచేసి రిటైరైన మరొకరు, కామన్ కాజ్ అనే సంస్థ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979లో కేంద్ర ప్రభుత్వం పింఛను లెక్కించే పద్ధతిని మెరుగుపరచింది కానీ, 1979 మార్చి 31న గాని ఆ తరువాత గాని రిటైరైనవారికే అది వర్తిస్తుందన్నది. అంతకు ముందు రిటైరైనవారు పాత లెక్కలోనే ఉండిపోయారు. అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 1982 డిసెంబరు 17న, ఆ తేదీ గీత రాజ్యాంగంలోని 14వ అధికరణకు విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారు జస్టిస్ డి.ఎ. దేశాయి. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ అందులో స్పష్టం చేశారు.

మన ఇళ్ళలో నెల మొదటి తేదీన జమపడే సొమ్ము వెనుక ఎవరో ఒక వకీలు రాత్రిళ్ళు కూర్చొని రాసిన పిటిషను ఉంది. అది ఒకసారి గెలిస్తే శాశ్వతం కూడా కాదు. పింఛనుదారులలో తేడాలు చూపే అధికారం, రిటైరైన తేదీని బట్టి హక్కును నిర్ణయించే అధికారం కేంద్రానికి ఉన్నదని చెప్పే నిబంధనలు 2025 ఫైనాన్స్ చట్టంలో చేర్చారు. అంటే ఈ విషయం చదివి, రాసి, నిలబడి మాట్లాడేవాళ్ళు మళ్ళీ కావాలి. వాళ్ళు మన మనవలలోంచి ఎందుకు రాకూడదు?

ఎవరికి పనికివస్తుంది ఈ వృత్తి?

"మావాడు నోటిగలవాడండీ, లాయరైతే బాగుంటాడు" అని తల్లిదండ్రులు అంటూ ఉంటారు. నేను చూసినంతలో నోరు మాత్రమే ఉన్నవాడు అయిదేళ్ళలో వెనకబడిపోయాడు. చెవి ఉన్నవాడు నిలిచాడు. కక్షిదారు వచ్చి గంటసేపు తన గోడు చెప్పుకుంటాడు. అందులో కేసుకు పనికివచ్చే మాటలు నాలుగే ఉంటాయి. ఆ నాలుగింటినీ పట్టుకోవాలంటే ముందు వినాలి.

రెండవది చదివే ఓపిక. పాత దస్తావేజు, సర్వే నంబర్లు, హద్దులు, సాక్షి వాంగ్మూలం, ఇవన్నీ ఒకటికి మూడుసార్లు చదవాలి. నేను ఫైలింగు సెక్షనులో ఉన్నప్పుడు దావాలు వెనక్కి పంపేవాళ్ళం. పెద్ద చట్టం తెలియక కాదు, తూర్పు హద్దు పడమరగా రాసినందుకు, కోర్టు ఫీజు లెక్క తప్పినందుకు, అఫిడవిట్ మీద సంతకం మరచినందుకు. వాటిని మళ్ళీ మళ్ళీ సరిదిద్దుకొని వచ్చేసరికి కక్షిదారుకు నెలలు గడిచిపోయేవి.

మూడవది తేదీలు లెక్కపెట్టే అలవాటు. ఒక ఉదాహరణ చెబుతాను. మనలో చాలామంది తెలిసినవారికి డబ్బు అప్పిచ్చి చెక్కు పుచ్చుకొని ఉంటాం. ఆ చెక్కు చెల్లకుండా తిరిగివస్తే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజులలోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజులలోగా అవతలివారు డబ్బు కట్టకపోతే, ఆ గడువు తీరిన నెల రోజులలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. అన్ని ఆధారాలూ ఉండి కూడా ఈ తేదీ ఒక్కటి జారిపోతే, ఆలస్యాన్ని మన్నించమని కోర్టును బతిమాలుకోవలసి వస్తుంది. లాయరు డైరీలో ఆ తేదీ రాసుకున్నాడా లేదా అన్నదాని మీద ఒక రిటైర్డ్ టీచరు గ్రాట్యుటీ సొమ్ము ఆధారపడి ఉండవచ్చు.

కాబట్టి ఇంజనీరింగు సీటు రాలేదు గనుక లా, సినిమాలో చూసి ముచ్చటపడ్డాడు గనుక లా అనుకోవద్దు. పిల్లవాడిని సెలవుల్లో నాలుగు రోజులు మీ ఊరి కోర్టుకు తీసుకువెళ్ళి వెనుక బల్ల మీద కూర్చోబెట్టండి. సాధారణంగా కోర్టులు అందరికీ తెరిచే ఉంటాయి. వాయిదాలు, ఎదురుచూపులు, ఉక్కపోత, మధ్యలో ఒక మంచి క్రాస్ ఎగ్జామినేషను, ఇదంతా చూసిన తరువాత కూడా "నాకిది బాగుంది తాతయ్యా" అంటే, అప్పుడు ముందుకు వెళ్ళండి.

చదువుకు దారులు

దారులు రెండు. ఇంటర్ తరువాత అయిదేళ్ళ కోర్సు, డిగ్రీ తరువాత మూడేళ్ళ కోర్సు. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నా ఫరవాలేదు. ఎం.పి.సి. చదివినవారూ రావచ్చు, సి.ఇ.సి. చదివినవారూ రావచ్చు. సాధారణంగా 45 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 40 శాతం చాలు.

మన రెండు రాష్ట్రాలలోనూ లాసెట్ వేర్వేరుగా జరుగుతుంది. 90 నిమిషాలలో 120 ప్రశ్నలు. అందులో సగం, అంటే 60 ప్రశ్నలు, న్యాయశాస్త్రం చదివే అభిరుచిని పరీక్షించేవి. మిగిలినవి సామాన్య విజ్ఞానం, వర్తమాన విషయాలు. ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ విశ్వవిద్యాలయాల న్యాయ కళాశాలలలో ఈ ర్యాంకు మీద సీటు వస్తే ఫీజు మనబోటివారికి అందుబాటులో ఉంటుంది.

రెండవది క్లాట్. ఇది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు. వాటిలో మొదటిది బెంగుళూరులో 1987లో ఏర్పడింది. మన హైదరాబాదులో నల్సార్ 1998లో, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. క్లాట్‌లో రెండు గంటలలో 120 ప్రశ్నలు. ఇంగ్లీషు, వర్తమాన విషయాలు, చట్టపరమైన తర్కం, సాధారణ తర్కం, కొద్దిగా లెక్కలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్రశ్నలన్నీ పేరాలు చదివి జవాబు చెప్పేవే గనుక కోచింగు కన్నా రోజూ ఒక దినపత్రికను సంపాదకీయంతో సహా చదివే అలవాటు ఎక్కువ మేలు చేస్తుంది. ఆ అలవాటు నేర్పడానికి ఇంట్లో మనకన్నా తగినవారెవరు? పొద్దున్నే మనం చదివిన పేపరు మనవరాలి చేతికిచ్చి, "ఇందులో ఉన్నది అయిదు వాక్యాల్లో చెప్పమ్మా" అంటే చాలు. అదే శిక్షణ.

ఈ విశ్వవిద్యాలయాల ఫీజు, హాస్టలు ఖర్చు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. అప్పు చేసి చేర్పించేముందు ఒక మాట. పెద్ద కంపెనీలకు సలహాలిచ్చే న్యాయ సంస్థలలో చేరదలచినవారికి ఆ పేరు ఉపయోగపడుతుంది. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేయదలచినవారిని, ఏ కాలేజీలో చదివావని కక్షిదారు అడగడు. ఎక్కడ చేరినా ఆ కాలేజీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్నదో లేదో చూసుకోవడం మాత్రం తప్పనిసరి.

చదువుతుండగా

కాలేజీకి వెళ్ళకుండా పరీక్షలకు మాత్రం హాజరై పట్టా తెచ్చుకున్నవారిని చూశాను. వారికి వకాల్తా నింపడం కూడా గుమస్తాయే నేర్పవలసి వచ్చేది. చదువుకునే రోజుల్లోనే ఇంటర్న్‌షిప్ చేయాలని నిబంధన ఉంది. మూడేళ్ళ కోర్సుకు మొత్తం 12 వారాలు, అయిదేళ్ళ కోర్సుకు 20 వారాలు. దీన్ని సర్టిఫికెట్ కాగితంగా చూడవద్దు. అందులో కొన్ని వారాలైనా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు దగ్గర గడపమనండి.

ఇంట్లో పాత లా పుస్తకాలు ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. 1860 నాటి శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ సాక్ష్య అధినియం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. మనకు నోటికి వచ్చిన 420, 302 సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది గనుక ఈ తరం పిల్లలు రెండూ చదువుకోవాలి. గైడ్ల మీద ఆధారపడక అసలు చట్టం పాఠాన్నే చదవమని చెప్పండి.

భాష గురించి కూడా చెప్పాలి. హైకోర్టు వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది. సాక్షి మాట్లాడేది మాత్రం తెలుగు. "పొద్దుగూకేవేళ" అని సాక్షి అంటే దాన్ని ఇంగ్లీషులో ఏ గంటగా రాస్తారన్నదాని మీద కేసు తిరిగిపోవచ్చు. రెండు భాషలూ శుభ్రంగా రావాలి. తెలుగు మీడియం పిల్లలు భయపడనక్కరలేదు. రోజుకు ఒక తీర్పు ఇంగ్లీషులో చదివి దాని సారాంశం తెలుగులో రాసుకుంటే రెండేళ్ళలో రెండూ పట్టుబడతాయి.

అసలు పరీక్ష: తొలి మూడేళ్ళు

పట్టా వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండాలి. చట్టంలోని రుసుము మొత్తం 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 125. చాలా చోట్ల వేలకు వేలు వసూలు చేస్తుండగా, చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోరాదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పు చెప్పింది. స్టాంపు ఖర్చు వేరు. తరువాత అఖిల భారత బార్ పరీక్ష. 2011లో మొదలైన ఈ పరీక్షను సుప్రీంకోర్టు 2023లో సమర్థించింది. వంద ప్రశ్నలు, వ్యాఖ్యలు లేని చట్టం పుస్తకాలు చూసి రాయవచ్చు. చదివినవారికి కష్టం కాదు.

ఇదంతా ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది, నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇకమీదట ఉన్నది. ఈ వృత్తిలో పిల్లలు ఓడిపోయేది ప్రవేశ పరీక్షలో కాదు, నల్లకోటు వేసుకున్న తరువాతి మూడేళ్ళలో.

ఒక కుర్రవాడు ఉండేవాడు. చక్కటి ఇంగ్లీషు, చట్టం కంఠతా. సీనియరు దగ్గర చేరాడు. ఆయన పెట్రోలు ఖర్చులకు కొద్దిగా ఇచ్చేవారు. ఇంట్లో మాత్రం ప్రతి నెలా, "ఈ నెల ఎంత తెచ్చావు?" అన్న ప్రశ్న. తోటివాళ్ళు సాఫ్ట్‌వేరులో మొదటి నెలే జీతం తెచ్చారు గదా అన్న పోలిక. పధ్నాలుగు నెలలకు కోటు మడతపెట్టి ఒక ప్రైవేటు ఉద్యోగంలో చేరాడు. ఆ కుర్రవాడికి తెలివి తక్కువై కాదు, ఇంటివాళ్ళకు ఓపిక లేక.

అదే కోర్టుకు ఒక అమ్మాయి వచ్చేది. తండ్రి లేడు. నాయనమ్మకు వచ్చే ఫ్యామిలీ పెన్షనులోంచి నెలకు అయిదు వేలు పంపేది. "మూడేళ్ళదాకా నిన్ను సంపాదన అడగను, నాలుగో ఏట నేను అడగకుండానే నువ్వు ఇస్తావు" అన్నదట ఆవిడ. ఆ పిల్ల మొదటి ఏడాదంతా నకళ్ళకు దరఖాస్తులు పెట్టడం, సీనియరు రానప్పుడు వాయిదా అడగడం, ఇవే చేసింది. పని లేనప్పుడు కూడా కోర్టు హాలులో కూర్చొని ఇతరుల సాక్షుల విచారణ రాసుకునేది. నాలుగో ఏట ఒక లారీ క్లీనరు భార్యకు ప్రమాద పరిహారం ఇప్పించింది. ఆ కేసు చూసి వచ్చిన కేసులతోనే ఆమె సొంత ఆఫీసు పెట్టుకుంది. ఇద్దరిలో తేడా ఎక్కడ వచ్చిందో మీకు నేను వేరే చెప్పనక్కరలేదు.

జూనియర్లకు పట్టణాలలో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయలు ఇవ్వవలసిందిగా 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచన మాత్రమే, నిర్బంధం కాదు. చిన్న ఊళ్ళలో సీనియర్లకే నెల గడవడం కష్టంగా ఉండే చోట అది అందుతుందని నమ్ముకోలేము.

అందుచేత నా సలహా ఇది. చదువు ఖర్చు లెక్క వేసే రోజునే, చదువు తరువాతి మూడేళ్ళ లెక్క కూడా వేయండి. నెలకు పదివేల చొప్పున 36 నెలలకు 3,60,000 రూపాయలు. కోచింగుకు, డొనేషనుకు పోసే సొమ్ములో ఈ భాగం ముందే విడదీసి పెట్టండి. మన వైద్యానికి దాచుకున్నది మాత్రం ముట్టుకోవద్దు. అలా విడదీసేంత వెసులుబాటు లేకపోతే ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి. అప్పుడు వారు సాయంత్రం పూట ట్యూషన్లు చెప్పుకుంటూనో, మరో దారి చూసుకునో సిద్ధపడతారు. ప్రాక్టీసు చేస్తూ పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయడానికి నిబంధనలు ఒప్పుకోవని కూడా గుర్తుంచుకోవాలి.

సీనియరును ఎంచుకునేటప్పుడు కారు చూసి ఎంచుకోవద్దు. ఆయన జూనియరు రాసిన చిత్తును ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి ఇస్తారా, పదేళ్ళ కిందట ఆయన దగ్గర ఉన్న జూనియర్లు ఈనాడు ఎక్కడున్నారు, ఈ రెండు విచారిస్తే చాలు. కోర్టు గుమస్తాలను అడిగినా చెబుతారు. మాకు తెలియని సంగతులు ఉండవు!

కోర్టు కాకుండా

జడ్జి పరీక్ష రాయదలచినవారికి ఒక సమాచారం. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. నోటిఫికేషను వచ్చినప్పుడు అందులోని అర్హతలను జాగ్రత్తగా చదవాలి. రెండవ జాతీయ న్యాయ వేతన సంఘం సిఫారసుల ప్రకారం ఈ పోస్టు మూలవేతనం 77,840 రూపాయలతో మొదలైంది. ఇవికాక ప్రాసిక్యూటరు పోస్టులు, బ్యాంకులలో లా ఆఫీసరు పోస్టులు, కంపెనీలలో న్యాయ విభాగాలు ఉన్నాయి. వీటిలో చాలావాటికి కూడా కోర్టు అనుభవం అడుగుతారు. ఎటు తిరిగినా తొలి మూడేళ్ళే మూలధనం.

ఆడపిల్లలకు కోర్టు వాతావరణం పనికిరాదని కొందరు పెద్దలు సంకోచిస్తారు. 1923లో చట్టం చేస్తేగాని మన దేశంలో స్త్రీలకు వకీలు వృత్తి చేసే హక్కుకు ఉన్న అడ్డు తొలగలేదు. 1978లో జస్టిస్ అమరేశ్వరి గారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఇంత దూరం వచ్చాక మనం గుమ్మం దగ్గర ఆపవద్దు.

పేరు ఎలా నిలుస్తుంది?

"ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట" అన్న సామెత ఊరికే పుట్టలేదు. గురజాడవారి కన్యాశుల్కంలో వ్యాజ్యాలు పెంచి బతికే రామప్ప పంతులూ ఉన్నాడు, వకీలై ఉండి నిజాయితీ వదలని సౌజన్యారావు పంతులూ ఉన్నాడు. ఇద్దరూ ప్రతి కోర్టు ఆవరణలోనూ కనిపిస్తారు. "ఈ కేసు వద్దయ్యా, రాజీ చేసుకో" అని చెప్పగలిగిన లాయరు ఆ రోజు ఒక ఫీజు పోగొట్టుకుంటాడు, కాని ఆ కుటుంబం మూడు తరాలు ఆయన గడపే తొక్కుతుంది. ఇది నేను కళ్ళారా చూసింది.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. ఆయన రాజమండ్రిలో రెండవ తరగతి ప్లీడరుగా పనిచేసి, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, మద్రాసులో గొప్పగా ఆర్జించి, స్వాతంత్ర్యోద్యమం కోసం ఆ ప్రాక్టీసునే వదులుకున్నారు. మన కాలంలో అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం రైతు కుటుంబం నుంచి వచ్చి 1983లో అడ్వొకేటుగా నమోదైన ఎన్.వి. రమణగారు 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఇద్దరూ తాతల నాటి లా ఆఫీసులో పుట్టినవారు కారు.

మనకూ తలుపు తెరిచే ఉంది

చివరగా మన సంగతి. 45 ఏళ్ళు దాటినవారిని అడ్వొకేటుగా నమోదు చేయకూడదన్న నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టివేసింది. లాసెట్‌కు గరిష్ఠ వయసు లేదు. కోర్టుకు వెళ్ళే ఓపిక లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వలంటీరుగా పేరు ఇవ్వవచ్చు. ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని తెలియని స్త్రీలు, నిరుపేదలు మన వీధుల్లోనే ఉన్నారు. వారిని ఆ గుమ్మందాకా తీసుకువెళ్ళడం కూడా న్యాయసేవే. మనతోపాటు మనవరాలు కూడా వస్తే ఆమెకు అదే తొలి పాఠం.

మిత్రులారా, నకారాగారి కేసులో మనకు దక్కింది ఎవరో ఇంటివాళ్ళు ఓపిక పట్టి లాయర్లను చేసిన పిల్లల వల్ల. మన ఇంట్లోనూ ఒక పిల్లవాడో, పిల్లో ఆ దారి అడిగితే సీటు వచ్చిందా అని మాత్రమే అడగకండి. ఆ మూడేళ్ళు నేను నీ వెనుక ఉంటానని చెప్పండి. మీరు ఇవ్వగలిగిన దానిలో అంతకన్నా పెద్దది లేదు.